జర్మనీలో మన వంట సరుకులు ఎలా వెతుక్కోవాలి

జర్మనీకి చదువుకో ఉద్యోగానికో కొత్తగా వచ్చిన మనవాళ్లు మొదటి వారంలోనే ఒక ఇండియన్ షాపు వెతుక్కుంటారు. అక్కడ కందిపప్పు, గోధుమపిండి, బాస్మతి బియ్యం, ఉత్తరాది మసాలా ప్యాకెట్లు కనిపిస్తాయి. గోంగూర, చుక్కకూర కనిపించవు. కరివేపాకు ఉన్నా నాలుగు రెబ్బలకే ధర చూసి వెనక్కి పెట్టేస్తారు. ఈ దేశంలో ఇంతే దొరుకుతుందనుకుని నెలల తరబడి పాస్తాతోనూ ప్యాకెట్ పరోటాలతోనూ గడిపేసే పిల్లలను చూస్తే బాధగా ఉంటుంది. ఆ అవసరం లేదు. మన తిండిలో చాలా భాగం ఇక్కడ ఉంది, ఒకేచోట లేదు, అంతే. కొంత టర్కీ వాళ్ల దగ్గర, కొంత వియత్నాం వాళ్ల దగ్గర, కొంత శ్రీలంక తమిళుల దగ్గర, కొంత ఆఫ్రికా వాళ్ల దగ్గర, ఊహించనంత భాగం మామూలు జర్మన్ సూపర్ మార్కెట్లో ఉంటుంది.

మొదటి పని: బయలుదేరే ముందు పెట్టె సర్దడం

ఇంట్లో అమ్మ, అమ్మమ్మ కట్టి ఇచ్చేవాటిలో కొన్నింటిని విమానాశ్రయంలోనే పారేయాల్సి వస్తుంది. అది వాళ్లకు ముందే చెప్పండి. యూరోపియన్ యూనియన్ బయటి దేశాల నుంచి వచ్చే ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు తేకూడదు. అంటే నెయ్యి, పాలకోవా, కోడిమాంసం పచ్చడి, మటన్ పచ్చడి రావు. చేపలు, రొయ్యలకు మాత్రం మినహాయింపు ఉంది. మనిషికి 20 కిలోల వరకు తెచ్చుకోవచ్చు కాబట్టి ఎండు రొయ్యలు నిశ్చింతగా పెట్టుకోండి. తాజా కూరగాయలు, ఆకుకూరలు, పళ్ల విషయంలో 2019 డిసెంబరు 14 నుంచి నియమం కఠినమైంది. మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా అనాస, కొబ్బరికాయ, అరటిపండు, ఖర్జూరం, డ్యూరియన్ తప్ప మరేవీ తేవడానికి వీల్లేదు. పచ్చి కరివేపాకు, మునక్కాయలు, మామిడికాయలు ఆ లెక్కలో ఆగిపోతాయి. విత్తనాలకూ అదే ధ్రువపత్రం కావాలి, అందుకని గోంగూర గింజలు పొట్లం కట్టి తేవద్దు.

ఎండుకొబ్బరి కురిడీలు కూడా వద్దు. వాటిలోని నూనె వల్ల వాటంతటవే అంటుకునే ప్రమాదం ఉందని విమానయాన నిబంధనల్లో ప్రమాదకర వస్తువుల జాబితాలో చేర్చారు.

గసగసాల గురించి గట్టిగా చెబుతాను. దుబాయ్ లేదా అబుదాబి మీదుగా వచ్చేవాళ్లు అవి పెట్టెలో పెట్టుకోనే కూడదు. యు.ఎ.ఇ.లో గసగసాలు నిషిద్ధ మాదక పదార్థాల కింద లెక్క, జైలు దాకా వెళ్లే వ్యవహారం. సింగపూర్‌లోనూ నిషేధమే. జర్మనీలో మాత్రం 'మోన్' అనే పేరుతో ప్రతి సూపర్ మార్కెట్లో కేకుల సామగ్రి పక్కనే అమ్ముతారు. అవి నీలం రంగులో ఉంటాయి. తెల్లవి కావాలంటే ఇండియన్ షాపుల్లో దొరుకుతాయి.

మరి ఏం తేవాలి? ఇక్కడ దేనితోనూ సరిపెట్టలేనివి తేవాలి. ఇంట్లో పట్టించిన కారం, ఆవకాయ, కందిపొడి, కరివేపాకు పొడి, గుమ్మడి వడియాలు. పచ్చళ్లను నూనె కారకుండా రెండు మూడు కవర్లలో చుట్టి చెకిన్ సామానులోనే పెట్టండి, చేతిసంచిలో పెడితే తనిఖీ దగ్గర తీసేస్తారు. బియ్యం, పప్పులు మోసుకు రావడం బరువు దండగ. ఆ బరువులో మిక్సీ తెచ్చుకోండి. జర్మనీలోనూ కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్‌జులే కాబట్టి ప్లగ్గు మార్చే అడాప్టర్ ఉంటే మన మిక్సీ చక్కగా తిరుగుతుంది. ఇక్కడి బ్లెండర్లలో కొబ్బరి పచ్చడి మన పద్ధతిలో రాదు. కుక్కర్ తెస్తే అడుగు ఇండక్షన్‌కు పనికొస్తుందో లేదో అయస్కాంతం పెట్టి చూడండి. ఇక్కడ చాలా ఇళ్లలో గ్యాసు ఉండదు.

రెండో పని: పేరుతో కాదు, మొక్కతో వెతకడం

దుకాణానికి వెళ్లే ముందు మీకు కావలసిన కూరలకు శాస్త్రీయ నామాలు రాసుకోండి. గోంగూర అంటే హిబిస్కస్ సబ్దరిఫా. మునగ మొరింగా ఓలిఫెరా. తోటకూర అమరాంథస్. బచ్చలి బసెల్లా ఆల్బా. తూటికూర ఐపోమియా అక్వాటికా. గంగవాయిలి పోర్చులకా ఒలెరేసియా. ఈ పేర్లు ఏ భాషలోనూ మారవు. తెలుగు వికీపీడియాలో ఆ మొక్క పేజీ తెరిచి, పక్కనున్న భాషల జాబితాలో టర్కిష్, వియత్నామీస్, తమిళం నొక్కితే ఆ దుకాణంలో ఏమని అడగాలో తెలిసిపోతుంది. దాంతోపాటు ఆకు ఫొటో ఒకటి ఫోనులో ఉంచుకోండి. దుకాణదారుకు జర్మన్ రాకపోయినా, మీకు రాకపోయినా ఫొటో చూపిస్తే చేయి పట్టుకుని తీసుకెళ్లి చూపిస్తారు.

ఈ పని తప్పనిసరి అని ఎందుకు అంటున్నానంటే, పోలికను బట్టి కొంటే దెబ్బ తింటాం. పసుపుపచ్చ బఠాణీ పప్పును 'గెల్బె షేల్‌ఎర్బ్‌సెన్' అని అమ్ముతారు. చూపుకు శనగపప్పులా ఉంటుంది, వండితే ముద్దైపోతుంది, రుచి వేరు. పార్‌స్లీ కట్ట కొత్తిమీరలాగే ఉంటుంది, నలిపి వాసన చూసి కొనండి. వియత్నాం, థాయ్, చైనా సరుకులు అమ్మే ఆసియా షాపుల్లో నల్లటి సీసాలో ఉండే నువ్వుల నూనె వేయించిన నువ్వులది, చుక్కలు చుక్కలుగా వేసుకునేది, అది పచ్చడికి పోస్తే చేదెక్కుతుంది. పచ్చి నువ్వుల నూనె తమిళ దుకాణాల్లో ఉంటుంది. తమిళ దుకాణాల్లోని యాళ్పాణం (జాఫ్నా) కారం మన కారం కాదు, వేయించిన ధనియాలు, సోంపు కలిసిన కూరపొడి. బియ్యప్పిండి కొనేటప్పుడు 'క్లేబ్‌రైస్' అన్న మాట ఉంటే వదిలేయండి. అది జిగురు బియ్యపు పిండి, జంతికలకు పనికిరాదు.

మూడో పని: మీ ఊరికి ఎవరు ముందు వచ్చారో తెలుసుకోవడం

ఏ ఊరిలో ఏ దుకాణాలున్నాయో చెప్పేది ఆ ఊరి వలసల చరిత్రే. 1961లో పశ్చిమ జర్మనీ టర్కీతో కార్మికుల ఒప్పందం చేసుకుంది. అందుకే రూర్ ప్రాంతం, స్టుట్‌గార్ట్, మ్యూనిక్, పశ్చిమ బెర్లిన్‌లలో టర్కిష్ దుకాణం లేని పేట ఉండదు. తూర్పు జర్మనీ 1980లో వియత్నాంతో అలాంటి ఒప్పందమే చేసుకుంది. లైప్‌జిగ్, డ్రెస్డెన్, తూర్పు బెర్లిన్‌లలో ఉంటున్నవాళ్లు టర్కిష్ దుకాణం కోసం తిరిగే ముందు వియత్నాం దుకాణాలు చూడాలి. 1983 తర్వాత శ్రీలంక నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన తమిళులు డోర్ట్‌మండ్, ఎస్సెన్ వైపు ఎక్కువగా స్థిరపడ్డారు.

కొన్ని వీధులు ముందే గుర్తుపెట్టుకోండి. బెర్లిన్‌లో మైబాఖ్‌ఊఫర్ కాలువ గట్టున మంగళ, శుక్రవారాల్లో టర్కిష్ సంత జరుగుతుంది. అదే ఊరి లిష్టెన్‌బెర్గ్ పేటలో డాంగ్ షువాన్ సెంటర్ అనే పెద్ద వియత్నాం టోకు బజారు ఉంది. హాంబుర్గ్‌లో స్టైన్‌డామ్, ఫ్రాంక్‌ఫర్ట్‌లో రైల్వే స్టేషన్ ముందున్న మ్యూంచెనర్ వీధి, మ్యూనిక్‌లో స్టేషన్‌కు దక్షిణాన గోటె వీధి, లాండ్‌వేర్ వీధి. పెద్ద ఊళ్లలో ప్రధాన స్టేషన్ వెనక సందులు ఒకసారి కాలినడకన తిరిగితే సగం పని అయిపోతుంది. ఆదివారం వెళ్లకండి, దేశమంతటా దాదాపు అన్ని దుకాణాలూ మూసే ఉంటాయి.

ఇక ఎవరి దగ్గర ఏం దొరుకుతుందో చూద్దాం. టర్కిష్ దుకాణంలో వంకాయలు, బెండకాయలు, పచ్చిమిర్చి, పుదీనా, కొత్తిమీర పెద్ద పెద్ద కట్టలు, ఎర్ర కందిపప్పు, శనగలు, ఉప్మాకు రవ్వ. వాళ్ల పొడవాటి పచ్చిమిర్చిలో కారం తక్కువ, కారం కావాలంటే ఆసియా షాపుల్లోని చిన్న థాయ్ మిర్చి కలపండి. ఎండాకాలంలో అక్కడే 'సెమిజ్‌ఓటు' అన్న ఆకుకూర వస్తుంది. అది మన గంగవాయిలి కూర. పప్పులో వేసుకుంటే ఎక్కడ ఉన్నామో మరిచిపోతాం.

వియత్నాం దుకాణంలో తోటకూర, బచ్చలి, తూటికూర, కాకరకాయ, బీరకాయ, ఆనపకాయ, పొడుగు అలసంద కాయలు. ఆఫ్రికన్ దుకాణానికి మనవాళ్లు ఎందుకో వెళ్లరు, తప్పకుండా వెళ్లండి. వేపుడుకు పచ్చి కూర అరటికాయలు, చేమదుంపలు, కర్రపెండలం, అలసందలు, ఎండు చేపలు అక్కడ చవక. తమిళ దుకాణంలో మునక్కాయలు, కరివేపాకు, చిన్న ఉల్లిపాయలు, ఇడ్లీ బియ్యం, తురిమి గడ్డకట్టించిన కొబ్బరి ఉంటాయి. తాజా సరుకు విమానంలో వారానికి ఒకటి రెండు రోజులే దిగుతుంది. ఏ రోజో అడిగి తెలుసుకుని ఆ సాయంత్రమే వెళ్లండి. కరివేపాకు ఎక్కువగా కొని కడిగి, తడి పూర్తిగా ఆరాక డబ్బాలో వేసి ఫ్రీజర్‌లో పెట్టండి. ఎండబెట్టిన ఆకుకంటే ఇది ఎంతో వాసన నిలుపుకుంటుంది. కరిగించకుండా నేరుగా పోపులో వేయాలి.

నాలుగో పని: పులుపు సంపాదించడం

మన వంటకు ప్రాణం పులుపు. ఊరి మీద బెంగ పట్టుకున్నప్పుడు మనసు కోరేది మసాలా కాదు. పప్పుచారు, పులిహోర, గోంగూర పచ్చడి. అందుకే ఈ ఒక్క రుచి విషయంలో కాస్త ఎక్కువ శ్రమ పడాలంటాను.

చింతపండుతో మొదలుపెడదాం. ఆసియా షాపుల్లో గింజ తీసి, ముద్దగా అదిమి, ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన థాయ్ చింతపండు మన పులుసుకు బాగా సరిపోతుంది. పెట్టెల్లో కాయలుగా అమ్మేది తీపి చింత, పండులా తినేది, అది చారుకు పనికిరాదు. సీసాల్లోని నల్లటి గుజ్జు చాలా గాఢంగా ఉంటుంది. అర చెంచాతో మొదలుపెట్టి రుచి చూస్తూ వేయాలి.

చుక్కకూర కోసం బెంగ అక్కర్లేదు. జర్మన్లు 'జావర్‌ఆంప్‌ఫర్' అని పిలిచే ఆకు చుక్కకూర జాతిదే, రెండూ రూమెక్స్. ఫ్రాంక్‌ఫర్ట్ వాళ్లు వసంతంలో చేసుకునే పచ్చ సాస్‌లోని ఏడు ఆకుల్లో ఇదొకటి కాబట్టి అక్కడి సంతల్లో బాగా దొరుకుతుంది. మిగతా ఊళ్లలో రష్యన్, పోలిష్ సరుకుల దుకాణాలకు వెళ్లండి, వాళ్లు దీంతో చారు కాచుకుంటారు. సీసాల్లో ఊరబెట్టి అమ్ముతారు. అందులో ముందే ఉప్పు ఉంటుంది, పప్పులో ఉప్పు చివర రుచి చూసి వేయండి.

గోంగూర కష్టం, కానీ అసాధ్యం కాదు. తమిళ, ఆఫ్రికన్ దుకాణాల్లో అప్పుడప్పుడు తాజా ఆకు వస్తుంది. కనిపించిన రోజే మొత్తం కొని, నూనెలో మగ్గించి, ముద్దలుగా ఫ్రీజర్‌లో పెట్టుకోండి. తర్వాత పప్పుకైనా, మాంసానికైనా, రోటి పచ్చడికైనా అది చాలు. అది దొరకని నెలల్లో రేవుచిన్ని కాడలు ఆదుకుంటాయి. జర్మన్‌లో 'రబార్బర్' అంటారు. ఏప్రిల్ నుంచి జూన్ 24 వరకు అన్ని సంతల్లోనూ ఎర్రటి కాడలు గుట్టలుగా పోస్తారు. తరిగి నూనెలో మగ్గిస్తే గోంగూరలాగే మెత్తగా కరిగి పుల్లటి గుజ్జవుతుంది. ఎండుమిర్చి, మెంతులు, వెల్లుల్లి వేయించి నూరి కలపండి. ఆకు వాసన ఉండదు, కానీ వేడన్నంలో కలుపుకుంటే పులుపు, కారం పట్టు అచ్చంగా అదే. కాడలే వాడాలి. దీని ఆకులు విషం, వంటింట్లోకి కూడా రానివ్వకండి.

పచ్చి మామిడి ఆసియా షాపుల్లో ఉంటుంది. థాయ్ రకాల్లో కొన్ని పుల్లగా ఉండవు, కరకరలాడడం కోసం పెంచినవి. ఒకటి కొని కొరికి చూశాక మిగతావి కొనండి. ఆవకాయకు వాటిని నమ్ముకోవద్దు. మామిడికాయ పప్పుకు, పులిహోరకు మాత్రం బోస్కోప్ అనే పుల్లటి ఆపిల్ తురిమి వాడవచ్చు. జూన్, జులైలలో 'ష్టాఖెల్‌బేరెన్' అనే గూస్‌బెర్రీలు వస్తాయి. పచ్చివి చాలా పులుపు. ఉసిరికాయ పచ్చడి పద్ధతిలో చేస్తే రోట్లో నూరినవాళ్లే మెచ్చుకుంటారు.

అయిదో పని: బియ్యం, పప్పులు, బెల్లం

సోనామసూరి ఇప్పుడు చాలా ఇండియన్ షాపుల్లో పెద్ద బస్తాల్లో దొరుకుతుంది. ఇద్దరు ముగ్గురు కలిసి కొంటే కిలో ధర బాగా తగ్గుతుంది. పరమాన్నానికి, పొంగలికి మాత్రం సూపర్ మార్కెట్లోని 'మిల్ష్‌రైస్' అనే పొట్టి బియ్యం చాలు. అన్నిటికన్నా చవక, పాలల్లో చక్కగా ఉడుకుతుంది. బయో (సేంద్రియ సరుకుల) దుకాణాల్లోని 'మూంగ్‌బోనెన్' అంటే పచ్చ పెసలు, పెసరట్టు వేసుకోవచ్చు. 'హిర్సె' అన్న పేరుతో అమ్మే పసుపుపచ్చ చిరుధాన్యం మన వరిగలు. చిరుధాన్యాలు తినే పెద్దవాళ్లు మీ దగ్గరకు వచ్చినప్పుడు పనికొస్తుంది. బెల్లం లేకపోతే 'ఫోల్‌రోర్‌త్సుకర్' కొనండి. శుద్ధి చేయని చెరకు చక్కెర, బెల్లప్పొడితో దాదాపు సమానం.

ఇడ్లీ పిండి చలికాలంలో పులియదని చాలామంది వదిలేస్తారు. ఓవెన్‌ను వేడి చేయకుండా లోపలి దీపం మాత్రం వేసి, రాత్రంతా పిండి గిన్నెను అందులో ఉంచండి.

ఆరో పని: పెరుగు, నెయ్యి

యోగర్ట్ డబ్బా మీద 'ష్టిష్‌ఫెస్ట్' అని ఉంటే గిన్నెలో తోడుకున్న గడ్డ పెరుగు, 'గెర్యూర్ట్' అని ఉంటే చిలికినది. 'మిల్డ్' అని ఉన్నది పులుపెక్కని సూక్ష్మజీవులతో తోడుపెట్టినది, అందుకే ఎన్ని రోజులు ఉంచినా మజ్జిగ పులుసుకు కావలసిన పులుపు రాదు. తోడుకు ఆ మాట లేని డబ్బా ఎంచుకోండి. టర్కిష్ దుకాణంలోని 10 శాతం కొవ్వు పెరుగు పెరుగన్నానికి అద్భుతం. మజ్జిగ పులుసుకు 'రైనె బుట్టర్‌మిల్ష్' నేరుగా వాడుకోవచ్చు. మీగడ కట్టే పాలు కావాలంటే 'నిష్ట్ హోమోగెనిజీర్ట్' అన్న సీసా వెతకండి.

నెయ్యి డబ్బాలు కొనవద్దని నా సలహా. ఇక్కడ వెన్న చాలా మంచిది. 250 గ్రాముల వెన్న కాస్తే సుమారు 200 గ్రాముల నెయ్యి వస్తుంది. 'జావర్‌రామ్‌బుట్టర్' కొనండి. అది పులియబెట్టిన మీగడతో చేసినది. మన ఇళ్లలో పెరుగు చిలికి తీసిన వెన్నకు దగ్గర, కాస్తున్నప్పుడే వాసనలో తేడా తెలుస్తుంది. 'బుట్టర్‌ష్‌మల్త్స్' అనేది కూడా కాచిన వెన్నే అయినా అందులో ఆ సువాసన ఉండదు.

ఏడో పని: మాంసం

సూపర్ మార్కెట్ కోడి మెత్తగా, ఎక్కువగా ఎముక లేకుండా ఉంటుంది, పులుసుకు రుచి రాదు. శీతల పెట్టెల్లో 'జుప్పెన్‌హూన్' అని ఒక మూల పడి ఉంటుంది, అది తీసుకోండి. గుడ్లు పెట్టడం అయిపోయిన ముదురు కోడి. చవక. గంటకు పైగా ఉడకాలి, కుక్కర్ ఉంటే తొందరగా అవుతుంది. నాటుకోడి పులుసుకు ఇక్కడ దొరికేవాటిలో ఇదే దగ్గరిది, రాగి సంకటి లేకపోయినా వేడన్నంతో తృప్తిగా తినవచ్చు. మటన్‌కు టర్కిష్ కసాయి దగ్గరకు వెళ్లి 'కెమిక్లి' అనండి, ఎముకతో సహా అని అర్థం. వేళ్లతో ముక్క పరిమాణం చూపిస్తే అలాగే కొట్టి ఇస్తారు. అది గొర్రెపిల్ల మాంసం. మేక కావాలంటే ఆఫ్రికన్ దుకాణాల ఫ్రీజర్లలో చూడండి.

ఎనిమిదో పని: బాల్కనీలో పెంచుకోవడం

మెంతికూరకు ఏ ఏర్పాటూ అక్కర్లేదు. పోపుల పెట్టెలోని మెంతులు రాత్రి నానబెట్టి, కిటికీ దగ్గర తొట్టిలో చల్లితే చాలు. గోంగూర గింజలు యూరప్‌లోని విత్తనాల అంగళ్లలోనే రోజెల్ అన్న పేరుతో కొనండి. మే 15 లోపు బయట పెట్టకండి. అప్పటిదాకా రాత్రిపూట మంచు కురిసే ప్రమాదం ఉంటుందని ఇక్కడి రైతులు మే 15తో ముగిసే నాలుగైదు రోజులను మంచు సాధువుల రోజులని పిలుస్తారు. గోంగూర పగలు పొట్టిగా ఉన్నప్పుడే పూతకు వచ్చే మొక్క. ఇక్కడ వేసవి పగళ్లు చాలా దీర్ఘం కాబట్టి పూత జోలికి పోకుండా ఆకే వేస్తుంది, మనకు కావలసింది అదే. కొసలు తుంచుతూ ఉంటే పక్క కొమ్మలు వచ్చి సెప్టెంబరు దాకా కోతకు వస్తుంది.

కరివేపాకు మొక్కను కుండీలోనే ఉంచండి. అక్టోబరు రాకముందే లోపలికి తెచ్చి, హీటర్‌కు దూరంగా, ఎండ పడే కిటికీ దగ్గర పెట్టాలి. చలికాలంలో ఆకులు రాలుస్తుంది, చచ్చిపోయిందనుకుని పారేయకండి. గోటితో కాండం గీరి చూడండి, లోపల పచ్చగా ఉంటే బతికే ఉన్నట్లు. నీళ్లు బాగా తగ్గించి, మట్టి పైపొర ఎండాకే పోస్తూ ఉంటే మార్చి, ఏప్రిల్‌లలో కొత్త చిగుళ్లు వేస్తుంది.